చెయ్యెత్తితే ఆగే సముద్రం

ఫిబ్రవరి, రెండో ఆదివారం సాయంత్రం. చోటు: చిత్తూరులో మా ఇంటి వసారా. హాజరైనవారు: నేను, నా భార్య రాజమ్మ, ఆమె తమ్ముడు మునిరత్నం, అతని భార్య ఇంద్రాణి. హాజరు కానిది: నా బుద్ధి.

చివరి ముక్క తప్ప మిగతాదంతా ఆనాటి డైరీలో ఉన్నదే. చివరిది ఇప్పుడు చేర్చాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ రోజూ డైరీ రాసే మనిషిని నేను. మా వీధిలో ఏ రోజు వాన పడింది, మా ఇంట్లో ఏ రోజు పాలు విరిగాయి, ఏదైనా అడగండి, చెబుతాను. కానీ ఒక్క మాట. నాలుగు వైపులా సముద్రమే ఉన్న దేశానికి భార్యను తీసుకుపోయి, సముద్రం చూపించకుండా వెనక్కి తెచ్చిన మొనగాడు మీకెక్కడైనా తగిలాడా? తగలకపోతే చదవండి. వాడు సిగ్గుతో తల వంచుకుని మీ ముందే కూర్చున్నాడు.

అప్పటికి నేను కొత్తగా రిటైరైన కుర్రవాణ్ణి. బస్సుల డిపోలో టైం కీపరుగా చేరి, రూట్లు వేసే కుర్చీ దాకా ఎదిగాను. ఏ బస్సు ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఎవరు రొప్పుతూ పరిగెత్తుకొచ్చినా ఎక్కడ ఆగకూడదు, ఇదే నా విద్య. రిటైరయ్యాక బస్సులు నా మాట వినడం మానేశాయి కాబట్టి ఇంట్లోవాళ్ల మీద పడ్డాను. కాణిపాకం వెళ్లి దండం పెట్టుకుని రావాలన్నా నేను రూటు వేయాల్సిందే. ఆటో ఎక్కితే వినాయకుడి ముందు దిగుతాం. అయినా వేసేవాణ్ణి.

మునిరత్నం ఐరాలలో మామిడి రైతు. కిందటి ఏడు కాపు బాగా వచ్చింది. "బావా, ఈసారి దేశం దాటి పోదాం. శ్రీలంక అయితే దగ్గరంట. కారు మాట్లాడుకుని గుళ్లూ గోపురాలూ సూసుకుని వద్దాం" అన్నాడు. శ్రీలంక గురించి మాలో ఎవరికీ ఏమీ తెలియదు. నాకు తెలియదన్న సంగతి నాకు తప్ప మిగతా ముగ్గురికీ తెలుసు.

వసారాలో పెద్ద పటం పరిచాను. పక్కన ఒక కాగితం మీద గళ్లు గీశాను. ఊరు, చూడవలసినది, తెరిచే వేళ, మూసే వేళ. గుహల్లో బొమ్మలు, పాత రాజధానిలో రాతి బుద్ధులు, కాండీ గుడి, డప్పుల నాట్యం, చివర కొలంబోలో ఒక మ్యూజియం. గళ్లన్నీ నిండుతున్నాయి. పక్కనే రాజమ్మ, ఇంద్రాణి పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు పితుకుతూ కూర్చున్నారు.

"ఏమ్మే, నీకేం సూడాలని ఉండాది? సెప్పు, రాసుకుంటా" అన్నాను, పెద్ద మనసు చేసుకుని.

"నాకు సముద్రం సూడాల. కాళ్లు తడుపుకోవాల. అంతే."

ఇది కొత్త కోరిక కాదు. రాజమ్మ ఐరాలలో పుట్టి చిత్తూరుకు కాపురానికి వచ్చింది. పెళ్లయిన కొత్తలోనే అడిగింది. మద్రాసుకు చాలాసార్లు వెళ్లాం. పెళ్లికి వెళ్లాం, పరామర్శకు వెళ్లాం, ఆమె కంటి ఆపరేషనుకు వెళ్లాం. ప్రతిసారీ నేను తిరుగు బస్సు టైము చూసుకుని "ఈసారి కాదులేమ్మే" అన్నాను. ఆమెకు అరవై దగ్గరపడింది. సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు.

పెన్ను పట్టుకుని ఆలోచించాను. సముద్రానికి తెరిచే వేళ లేదు. మూసే వేళ లేదు. టికెట్టు లేదు. ఏ గడిలో రాయడం?

"బావా, ముందు సముద్రం రాయి. తక్కినవి మళ్ల సూసుకుందాం" అన్నాడు మునిరత్నం.

"ఊరుకోరా. సుట్టూ సముద్రమే గదా, అది యాడికి పోతాది? గుడికి తలుపులేస్తారు, మ్యూజియానికి తాళమేస్తారు. సముద్రానికేమన్నా గేటుండాదా?"

"దానికి లేదన్నా. నీకే ఉండాది" అంది ఇంద్రాణి, గింజల్లోంచి తలెత్తకుండా.

అప్పుడు నా బుర్ర వెలిగింది. మా పల్లె బస్సుల మీద 'చెయ్యెత్తిన చోట బస్సు ఆపబడును' అని రాసి ఉండేది. అలాంటి చోట్లకు టైం టేబుల్లో గడి ఉండదు. మనిషి చెయ్యెత్తాలి, బస్సు ఆగాలి.

"రాజమ్మా, సముద్రం చెయ్యెత్తితే ఆగే స్టాపు. నీకు యాడ కనిపిస్తే ఆడ చెయ్యెత్తు. బండి ఆపిస్తా."

"నిజంగా ఆపుతావా?"

"ముప్పై ఏండ్లు బస్సులాపినోణ్ణి. నీకు ఆపనా?"

ఆమె నవ్వింది. వేళ్ల మధ్య నుంచి ఒక అనపగింజ జారి ఎగిరి పటం మీద పడింది, సరిగ్గా దేశం నడిమధ్యన. నేను వేసిన రూటు మొత్తం ఎక్కడ తిరగబోతోందో ఆ గింజ ఆ రోజే చూపించింది. నేను దాన్ని తీసి గిన్నెలో వేశాను.

విమానంలో కిటికీ సీటు నేనే తీసుకున్నాను. డైరీ రాసుకోవాలి కదా.

"ఏమయ్యా, కిందేమన్నా అవుపడతా ఉండాదా?" అంది రాజమ్మ, నా భుజం మీదుగా మెడ సాచి.

"రెక్క."

"రెక్క కింద?"

"మోడం."

అబద్ధం కాదు. కానీ ఆ మబ్బు చీలిన సమయానికి నేను తల వంచుకుని డైరీలో 'మబ్బు' అని రాసుకుంటున్నాను. తల ఎత్తేసరికి కొబ్బరి చెట్లు వచ్చేశాయి.

విమానాశ్రయం బయట కారుతో నిమల్ అనే డ్రైవరు నిలబడి ఉన్నాడు. మనిషి మంచివాడు, అరవం వచ్చు. మా చిత్తూరు వాళ్లకు అరవం పక్కింటి భాషే కాబట్టి మాటలకు ఇబ్బంది లేదు. "అయ్యా, బీచి ఇక్కడికి దగ్గరే. టీ తాగినంత సేపట్లో పోవచ్చు. చూసి పోదామా?" అన్నాడు.

రాజమ్మ చెయ్యి పైకి లేచింది. పైట సర్దుకోవడానికి అనుకున్నాను. కాదు.

"ఇప్పుడే గదమ్మే డిపో దాటింది! మొదటి స్టేజీ రాకముందే ఆపితే లోకం నవ్వతాది."

"లోకం యాడుండాది? బండిలో ఉండేది మనమే గదా."

"తిరిగొచ్చేటప్పుడు సూద్దాం" అన్నాను. కారు సముద్రానికి వీపు తిప్పింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నేను ఎంచిన గుహలూ, రాజధానులూ, గుళ్లూ అన్నీ దేశం లోపల్లోపల ఉన్నాయి. తెరిచే వేళ చూశాను, మూసే వేళ చూశాను, అవి సముద్రానికి ఎంత దూరమో మాత్రం చూడలేదు. చూసినవి గొప్పగానే ఉన్నాయి, ఆ మాట కాదనను. గుహ కప్పు నిండా ఉన్న బొమ్మల కింద రాజమ్మ నోరు తెరుచుకుని నిలబడింది. కానీ కారెక్కగానే కిటికీకి అతుక్కుపోయేది. నీలంగా ఏది కనబడినా చెయ్యెత్తేది. ఒకసారి అది లారీ మీద కప్పిన పట్ట. ఇంకోసారి బడి ప్రహరీ గోడ. ఆ రెండుచోట్లా కారు ఆపించిన ఘనత నాది.

మూడో రోజు పొద్దున పాత రాజధాని దగ్గర, చెట్ల సందున నీళ్లు మెరిశాయి. పెద్ద నీళ్లు. మంచు పట్టి అవతలి ఒడ్డు కనిపించడం లేదు. రాజమ్మ చెయ్యి లేచింది. నాలోని పాపి కూడా నిద్ర లేచాడు.

"నిమల్, ఆపప్పా! దిగు రాజమ్మా. అదిగో నీ సముద్రం!"

నిమల్ నోరు తెరిచాడు. నేను కళ్లతో వద్దన్నాను. మూశాడు.

రాజమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని, గుళ్లో అడుగుపెట్టినట్టు నీళ్లలోకి దిగింది. కళ్లు మూసుకుంది. రెండు చేతులూ జోడించింది. పోనీలే, ఆమెకు సంతోషమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత ఆమె దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంది.

"సప్పగా ఉండాదే?"

"ఈ పక్క ఉప్పు తక్కువ" అన్నాను.

అవును, అన్నాను. డైరీలో ఆ మాట ఉంది, కింద గీత కూడా గీసి ఉంది.

రాజమ్మ కుడివైపు చూసింది. ఒకాయన ఒళ్లంతా సబ్బు నురగతో స్నానం చేస్తున్నాడు. ఎడమవైపు చూసింది.

"ఇదేమి కట్ట?"

"సముద్రం పొంగకుండా కట్టింటారు."

"మరి అదేంది?"

"ఏది?"

"ఆ తూము."

నేను జేబులో పెన్ను వెతుక్కున్నాను.

"మా నాయన ఐరాల చెరువు తూము కాడ నీళ్లు తిప్పతా ఉంటే సద్ది మోసినదాన్ని నేను. నాకు తూము తెల్దా? సముద్రానికి తూము పెట్టి యా మడికి పారిస్తారయ్యా?"

"బావా, ఈడ సూడు, కట్ట కింద వరి నాటినారు!" అని అరిచాడు మునిరత్నం. "సముద్రం కింద ఆయకట్టు బావా! ఉప్పేసి వండే పని కూడా లేదు!" ఇంద్రాణి కట్ట మీద కూలబడి కడుపు పట్టుకుంది. నిమల్ కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు, తుడిచిన చోటే మళ్లీ మళ్లీ.

రాజమ్మ నవ్వలేదు. కొంగుతో పాదాలు తుడుచుకుంది.

"నీళ్లలోకి దిగేటప్పుడే కట్ట సూసినాను. అయినా నువ్వు సెప్పినావని దండం పెట్టినాను" అంది, కారు తలుపు తీస్తూ.

ఆ తర్వాత ఏ గుడిలో నిలబడినా నేను దేవుడి ముఖం వైపు చూడలేదు. కాండీలో డప్పుల నాట్యం చూస్తున్నప్పుడు ఆ దెబ్బలన్నీ నా వీపు మీద పడుతున్నట్టే ఉంది.

చివరి రోజు కొలంబో. సముద్రం చూపించకుండా విమానం ఎక్కేది లేదని గట్టిగా అనుకున్నాను. కానీ మ్యూజియం గడిలో ఉంది. మూసే వేళ రాసి ఉంది. "ముందు ఇది ముగిస్తే, ఆపైన టైమంతా సముద్రానికే" అన్నాను. లోపల ప్రతి అద్దాల పెట్టె ముందూ నిలబడి కింద రాసిన ప్రతి ముక్కా చదివాను. మునిరత్నం రెండుసార్లు వచ్చి చొక్కా పట్టుకుని లాగాడు. "బావా, ఆ కుండ యాడికీ పోదు. మనం పోవాల."

బయటికి వచ్చేసరికి రోడ్లు బండ్లతో బిగుసుకుపోయాయి. నిమల్ ఒక వీధి మలుపు తిప్పాడు. వీధి చివర, రెండు మేడల మధ్య, నిటారుగా ఒక నీలం చార. దాని మీద తెల్లగా ఏదో కదులుతోంది. ఈసారి అది పట్ట కాదు.

రాజమ్మ కిటికీలోంచి చెయ్యి మొత్తం బయటికి చాపి, ఐరాల రోడ్డు మీద బస్సు ఆపినట్టు ఎత్తింది. "ఆపయ్యా! ఆడుండాది!"

నిమల్ కాలు బ్రేకు మీదికి పోయింది. నేను వాచీ చూసుకున్నాను.

"పోనీ అప్పా. విమానం ఎవురి కోసమూ ఆగదు" అన్నాను.

ఆ చెయ్యి కొంతసేపు అలాగే గాలిలో ఉండి, మెల్లగా లోపలికి వచ్చి ఒళ్లో పడింది. ఆ వీధి దాటిపోయింది.

విమానాశ్రయం చేరేసరికి మా సామాను తీసుకునే బల్ల దగ్గర మనిషే లేడు. అంత ముందుగా వచ్చాం. చిత్తూరు నుంచి మద్రాసుకు పోయినంత సేపు అక్కడ కూర్చున్నాం. ఎదుటి గోడ మీద, గోడంత సముద్రం బొమ్మ. రాజమ్మ సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చుంది.

"దీనికి తూము లేదక్కా" అన్నాడు మునిరత్నం. ఆమె అప్పటికీ నవ్వలేదు. తిరుగు విమానంలో కిటికీ సీటు చూపించి "కూసోమ్మే" అన్నాను. కూర్చుంది. బయట చీకటి తప్ప ఏమీ లేదు.

రాత్రి ఎప్పుడో చిత్తూరు చేరి నలుగురమూ మా ఇంట్లోనే పడుకున్నాం. పొద్దున నిద్ర లేచాను. వంటింట్లో చప్పుడు లేదు. పాలకు పోయిందేమో అనుకున్నాను. ఫోను మోగింది. మునిరత్నం.

"బావా, బస్టాండులో ఉండాను. అక్కా, ఇంద్రాణీ మద్రాసు బస్సెక్కినారు."

"దేనికిరా?"

"సముద్రానికి."

"తిరుగు బస్సు ఎన్నింటికో సూసుకున్నారా?"

"ఆ మాట నువ్వు అడుగుతావనీ, అడిగితే ఫోను పెట్టేయమనీ సెప్పింది బావా." పెట్టేశాడు.

పంచె ఎగగట్టి పరిగెత్తాను. బస్టాండు దాటి బస్సు మలుపు తిరిగే చోటు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రోడ్డు మధ్యకు వెళ్లి చెయ్యెత్తాను. బస్సు వచ్చింది. డ్రైవరు కొత్తవాడు, నా ముఖం ఎరగడు. హారన్ కొట్టి, అద్దం మీది బోర్డును వేలితో చూపించాడు. ఎక్స్‌ప్రెస్. అది చెయ్యెత్తితే ఆగే బస్సు కాదు. ఆగకూడదని ఒకప్పుడు డ్రైవర్లకు గట్టిగా చెప్పి పంపినవాణ్ణి నేనే. పక్కకు గెంతాను.

కిటికీ పక్కన రాజమ్మ. నన్ను చూసింది. తనూ చెయ్యెత్తింది. బస్సు ఆపమంటుందని నా ప్రాణం లేచొచ్చింది. కాదు. టాటా చెబుతోంది. తూము చూసిన ఆరు రోజులకు మొదటిసారి నవ్వింది.

మునిరత్నం వెనక నుంచి నింపాదిగా వచ్చాడు.

"ఆగలేదా బావా?"

"లేదురా."

"గడిలో లేకుంటే ఎట్ల ఆగుతాది బావా?"

నా చెయ్యి ఇంకా పైనే ఉంది. ఎలాగూ ఎత్తి ఉంది కదా అని, ఆ దుమ్ములోనే, మునిరత్నాన్ని సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేశాను. నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు తూమున్న నీటిని సముద్రమనను. కిటికీ సీటు ముట్టను. మా ఇంట్లో ఎవరు చెయ్యెత్తినా, అది పైట సర్దుకోవడానికే అయినా సరే, బండి ఆపుతాను.