కాగులో కళాయి

తాడేపల్లిగూడెం చరిత్ర రాసినవాళ్లు ఎందుచేతనో వదిలేశారు గాని, ఆ ఊళ్లో కాఫీ తాగడానికి ఒక శాస్త్రోక్తమైన పద్ధతి ఉంది. దాన్ని నేటికీ పాటిస్తున్నవాడు ఒకే ఒక్కడు, కంచరి పట్టాభిరామయ్య. ఎవరింటికి వెళ్లినా కాఫీ పొయ్యకముందే గ్లాసు అడిగి పుచ్చుకుంటాడు. వెలుతురుకేసి పట్టి లోపలికి చూస్తాడు. చూపుడువేలు పెట్టి అడుగున ఒకసారి తిప్పుతాడు. కళాయి ఎక్కడా లేచిపోలేదని తృప్తిపడ్డాక "ఊఁ, పొయ్యమ్మా" అని సెలవిస్తాడు. ప్రభుత్వాలు మారాయి, జిల్లాలు విడిపోయాయి, ఈ తనిఖీ మాత్రం ఒక్క పూటా ఆగలేదు.

కారణం లేకపోలేదు. రాగి గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగి ప్రాణం మీదికొస్తుంది. అందుకే లోపల తగరం పూత, అంటే కళాయి, వెయ్యాలి. పట్టాభిరామయ్య తండ్రి కళాయి పడని వంటపాత్రను కొట్టు గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. కళాయి పడ్డాకే అంచుమీద ఇంటి గుర్తు, చిన్న శంఖం, ఉలితో కొట్టేవాడు. శంఖం ఉందంటే నోటికి భయం లేదని అర్థం. అత్తిలి నుంచి ఏలూరు దాకా పెళ్లివంటల వాళ్లు ఆ శంఖం చూసుకునే గుండిగలు తీసుకెళ్లేవారు. శంఖం ఉన్న పాత్ర ఒక్కటీ వంక ఉందని కొట్టుకు తిరిగి రాలేదు. కొడుకుకు ఆస్తిగా దక్కినవి ఆ ఉలి, ఆ పరువు, వాటితోపాటు లోకం మీద బోలెడంత కోపం.

కోపానికి ఆయన దగ్గర ఎప్పుడూ కరువు లేదు. స్టీలు కంచాల మీద కోపం, అల్యూమినియం బిర్యానీ డేగిసాల మీద కోపం. ద్వారకా తిరుమల కొండకింద అమ్మే రాగిరంగు చెంబుల మీదైతే చెప్పనక్కర్లేదు. "రేక్కి రంగేశారండీ! స్వామి కళ్లెదుటే రేక్కి రంగు!" అని బస్సులో పక్కసీటు భక్తులకు చెప్పి, వాళ్లు కొన్న చెంబుల్ని వాళ్ల చేతే దాయించేవాడు.

అలాంటి మనిషి కొట్టుకు ఒకరోజు వెంకట్రాజు వచ్చాడు. కొల్లేరు పక్కన చేపల చెరువుల్లో నాలుగు డబ్బులు చూసి, లైసెన్సు తెచ్చుకుని, బెల్లంతో రమ్ము కాచే చిన్న ఫ్యాక్టరీ ఊరిబయట పెడుతున్నాయన.

"మనిషెత్తు కాగు కావాలండి. పైన మెడ, దానికి వంపు గొట్టం. మీ చేతి సుత్తిదెబ్బే పడాలండి."

"స్టీలుది కొనుక్కోవచ్చుగా అండీ? లోకమంతా తళతళలాడిపోతోందిగా."

"స్టీలు పనికిరాదంటండి. సరుకు బాగుండాలంటే రాగే కావాలంటండి."

ఆ ఒక్క మాటకు పట్టాభిరామయ్య గుండె ఉప్పొంగింది. రాగే ఎందుకని అడగాలన్న ఊహే రాలేదు. అమ్మ ఎందుకని ఎవరైనా అడుగుతారా? ఆయన చుక్క ముట్టడు, ముట్టినవాళ్లని ఇంట్లోకి రానివ్వడు. అయినా స్టీలు ఓడిపోయిన చోట రాగిని నిలబెట్టే అవకాశం రోజూ రాదు.

వేసవంతా రేకు కొట్టాడు. కాగు బొజ్జ నునుపు తేలింది, మెడ హంసమెడలా వంగింది. ఆఖరున, ఎవరూ అడక్కపోయినా, కొలిమి రాజేసి, తగరం అంటుకోడానికి నవసాగరం పొడి చల్లి, తెల్లటి పొగలో దగ్గుతూ లోపలంతా, గొట్టంతో సహా, వెండిలా కళాయి వేశాడు.

"మందుకి కూడా కళాయేంటండీ?" అంది భార్య రామలక్ష్మి.

"తాగి చావదల్చుకున్నవాడు తాగి చస్తాడే. చిలుము తిని ఎందుకు చావాలి?" అని, అంచుమీద శంఖం కొట్టి పంపించాడు.

మొదటి కాపు దిగిన నాడే కబురొచ్చింది. వెళ్లేసరికి ఫ్యాక్టరీ గేటు దగ్గరే వాసన ఎదురొచ్చింది. చేపల చెరువు ఎండగట్టినప్పుడు బురదలోంచి లేచే కంపు, దానికి కోళ్లఫారం వెనక మురిగిన గుడ్ల కంపు తోడు.

"ఇదండీ వరస" అన్నాడు వెంకట్రాజు, ముక్కుకు తువ్వాలు అడ్డుపెట్టుకుని.

"మీ బెల్లంలో ఉందండీ కంపు! నా కాగులో వంక చూపించండి! ఎక్కడన్నా కళాయి లేచిందా?"

"కళాయా?" అంది పక్కనే ఉన్న అమ్మాయి. ఆమె ఇందుజ, ఏలూరులో కెమిస్ట్రీ చదివి ఈ ఫ్యాక్టరీలో సరుకు పరీక్షలు చూస్తోంది. టార్చి వేసి కాగులోకి తొంగిచూసి తల పట్టుకుంది. "అయ్యో బాబాయిగారూ! వేసేశారా!"

"వెయ్యకపోతే తప్పు గాని, వేస్తే తప్పేంటమ్మా?"

ఇందుజ ఆ కంపు సరుకే ఒక సీసాలో పట్టి, ఆయన సంచిలోని రాగి తీగ అడిగి తీసుకుని, ఉండచుట్టి అందులో పడేసి, బాగా గిలకొట్టింది. కాసేపాగి మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. బెల్లం వాసన వచ్చింది. తీగ మాత్రం మసిబారింది.

"బెల్లం పులిసేటప్పుడు గంధకం కంపు పుడుతుంది. అది ఆవిరితోపాటే పైకి లేస్తుంది. రాగి దాన్ని పట్టుకుని తను నల్లబడుతుంది. స్టీలుకి ఆ గుణం లేదు. రాగిని పెట్టుకునేదే ఇందుకు. మీరేమో దానికి చొక్కా తొడిగారు."

"అంటే... రాగి కంపు తింటుందా?"

"తింటుంది. చిలుము దిగినా కాగు అడుగునే ఉంటుంది, ఆవిరితో సరుకులోకి రాదు. కాకపోతే రాగే తిని తిని అరిగిపోతుంది."

పట్టాభిరామయ్య భగ్గుమన్నాడు. "అరిగిపోతుంటే చూస్తూ కూచోమనా మా నాన్న నాకు ఉలిచ్చింది? కళాయి తీసేస్తే ఆ శంఖం ఏమైనట్టు? అబద్ధమాడినట్టు కాదూ?"

"మీకంత కష్టమైతే వద్దులెండి" అన్నాడు వెంకట్రాజు, ఎంతో మర్యాదగా. "స్టీలుది తెప్పించి లోపల రాగి తీగ వేసుకుంటాం. కాగు లారీలో మీ కొట్టుకి పంపించేస్తానండి."

శంఖం ఉన్న పాత్ర, బజారు మధ్యనుంచి, పట్టపగలు, లారీలో, వెనక్కి! దాని స్థానంలో స్టీలు! ఆయన కండువా తీసి నడుముకు బిగించాడు.

"ఎవళ్లూ చెయ్యి వెయ్యకండి. వేసినవాణ్ణి నేనే, తీసేదీ నేనే."

కాగూ గొట్టమూ వేడిచేసి, కరిగిన తగరాన్ని గుడ్డతో తుడుస్తూ, మిగిలినదాన్ని గీకుతూ, వినాల్సినవాళ్లూ అక్కర్లేనివాళ్లూ వినేలా లోకాన్ని తిట్టాడు. బెల్లాన్ని తిట్టాడు, గంధకాన్ని తిట్టాడు, చదువుల్ని తిట్టాడు. చివర చింతపండుతో తోమేసరికి లోపల రాగి నిప్పులా మెరిసింది. రెండో కాపు దిగింది. ఇందుజ వాసన చూసి తలూపింది. ఆయన మాత్రం అంచుమీది శంఖాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"శంఖం ఉంటుంది" అని తీర్పు చెప్పాడు. "నోటికి భయం లేదనేగా దాని అర్థం. ఇక్కడ భయం లేకపోవడం ఇలా ఏడిసింది. కానీ రాజుగారూ, ఈ కాగులో ఎవరన్నా సాంబారు కాచారో, మర్యాద దక్కదు!"

"ఆయ్, కాయమండి."

రాగి గెలిచిందన్న ఉత్సాహం, కళాయి ఓడిందన్న మంట కలిసి ఆయన్ని ఇంటిదాకా తోసుకొచ్చాయి. గుమ్మంలోనే రామలక్ష్మికి కథంతా చెప్పి, రాగిని మించిన లోహం భూమ్మీద లేదనీ, స్టీలు పట్టుకున్న కొంపలు బాగుపడవనీ చేతులు తిప్పుతూ ప్రకటించాడు. ఆమె అంతా విని, కాఫీ తాగుతారా అని అడిగింది. ఆయన గ్లాసు పుచ్చుకుని, వెలుతురుకేసి పట్టి, లోపల వేలు తిప్పి, పొయ్యమన్నాడు.

అది స్టీలు గ్లాసు. వాళ్లింట్లో అన్నీ స్టీలువే.