చేతికేం తెలుస్తాది?

ధర్మవరం మగ్గాల వీధిలో పుట్టిన హేమావతి మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఏ. చేసి, అది చాలదన్నట్టు తత్వశాస్త్రంలో పరిశోధనకు దిగింది. "రెండు పడవల మీద కాళ్ళు పెడతాండావు పాపా" అన్నాడు ఎదురింటి కుళ్ళాయప్ప. ఆరేళ్ళ తర్వాత, మౌఖిక పరీక్షనాడు పరీక్షకుడూ ఆ మాటే అన్నాడు. "ఇది ఏ శాస్త్రం కిందికొస్తుందో ముందు తేల్చండి. తేల్చకపోతే సంతకం పెట్టను."

ఆరేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. వెనక బెంచీలో అమ్మ లక్ష్మీనరసమ్మ కొంగు బిగించి పట్టుకుని కూర్చుంది. హేమావతి నీళ్ళు నమల్లేదు. తను చేసిన తప్పే చెప్పింది.

లక్ష్మీనరసమ్మది పోగులు అతికే పని. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, కొత్త పడుగు పోగుల్ని దానికి ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టి కలపాలి. వేల పోగులు! ఆమె ఊరి కబుర్లన్నీ చెబుతూనే కలిపేసేది. ఎం.ఏ. రోజుల్లో హేమావతి ఫోన్లో టైము పెట్టుకుని, "మా, ఏ వేలు ఎప్పుడు కదుల్తాందో చూసుకుంటా చెప్పు" అంది. పాపం, ఆ తల్లి చూసుకుంది. ఎన్నడూ తప్పని చేయి తప్పింది. పోగులు ఒకదాని మీదొకటి పడి మగ్గం రెండు రోజులు ఆగిపోయింది. నాయన మార్కండేయ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"దాన్నేమనాకయ్యా" అంది లక్ష్మీనరసమ్మ. "నా వేళ్ళు నేను చూసుకుంటాంటే పోగు యాడుండాదో తెలీలా."

"ఆ మాటే నన్ను తత్వశాస్త్రానికి తెచ్చింది సార్" అంది హేమావతి. "మా అమ్మ ఎంత వేగంగా పనిచేస్తుందో ఫోను చెప్పింది. పోగు ఆమెకెలా తెలుస్తుందో చెప్పలేదు. అనుభవాన్ని ఉన్నదున్నట్టు వర్ణించే ఫినామినాలజీ ఉందని తర్వాత చదివాను. అక్కడ మా అమ్మ మాటే కనిపించింది. నాకు రెండు శాస్త్రాలూ కావాలి. పోగు సంగతి మనసుకు కాదు సార్, చేతికి తెలుసు. నా సిద్ధాంతం అదే."

పరీక్షకుడు వెనక్కి చూశాడు. "ఏమమ్మా, నిజమేనా?"

లక్ష్మీనరసమ్మ లేచి నిలబడింది. "పోగులు చిక్కుబడింది నిజమే సామీ. చేతికేం తెలుస్తాది గానీ? నాకు తెల్సు."

ఆరేళ్ళు రాసిన సిద్ధాంతంలో లోపమెక్కడుందో హేమావతికి అప్పుడు తెలిసింది: మనసా, చెయ్యా అంటూ అమ్మనే వదిలేసింది. సిగ్గుపడాల్సింది పోయి, పట్టలేని సంతోషంతో నవ్వేసింది.

పరీక్షకుడూ నవ్వి కలం తీశాడు. "రెండు శాస్త్రాలూ వెతుకుతున్నది ఆ 'నాకు'నే. మీ అమ్మగారి మాటతో చివరి అధ్యాయం మళ్ళీ రాయండి, డాక్టర్ హేమావతీ."

"అంటే పాసయినట్టేనా సామీ?" అంది లక్ష్మీనరసమ్మ.

"మీరిద్దరూ" అంటూ ఆయన సంతకం పెట్టాడు.