గ్రీజు గుడ్డ కింద నంబరు

మద్రాసు శివార్లలో మనలి రిఫైనరీ గోడ దాటి అర మైలు వచ్చాక మా బస్సు ఆగిపోయింది. కండక్టరు దిగి, వెనక చక్రం కేసి చూసి, ఇక తనకేం సంబంధం లేదన్నట్టు చేతులు దులుపుకున్నాడు. నేను దిగి నడక మొదలుపెట్టాను. 1994 సెప్టెంబరు చివర అది. ఎండ, పొగ, లారీలు. పది నిమిషాలు నడిచానో లేదో, ఒక కారు నన్ను దాటిపోయి, ఆగి, వెనక్కి వచ్చింది.

దాన్ని కారు అనడానికి కొంచెం ధైర్యం కావాలి. ముందు భాగం పాత హెరాల్డు కారుది. వెనక దీపాలు బస్సువి. బంపరు నీళ్ళ పైపు. పైన తాళ్ళతో కట్టిన ఒక ఇనుప పీపా.

"ఏంది సామీ, బస్సు పడుకొనిందా? ఎక్కండి. ఆడ నిలబడితే పొగే గాని బస్సు రాదు."

తెలుగు! "నేను తెలుగువాణ్ణని ఎట్లా తెలుసయ్యా?" అన్నాను.

"సంకలో పుస్తకం ఉండాదే. అట్ట మీద మన అక్షరాలు."

అది శాసనాల పుస్తకం. అప్పట్లో నేను పాడుబడ్డ గుళ్ళ వెంట తిరుగుతూ రాళ్ళ మీది రాతలకు నకళ్ళు తీసుకునేవాణ్ణి. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. ఒక పిచ్చి, అంతే. సరే, ఎక్కాను. కూర్చున్నది సినిమా హాలు కుర్చీ. వీపు మీద "జి 14" అన్న అంకె కూడా చెరగలేదు. ఆయన నలభై అయిదేళ్ళ మనిషి, బక్కపలచన, నుదుట సన్నని తిరుచూర్ణం, ముంజేతుల నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు. స్టీరింగు పక్కన ఇంటి గుమ్మాలకు పెట్టే కాలింగ్ బెల్లు బొత్తం ఉంది. దాన్ని నొక్కాడు. ఇంజను లేచింది.

"తాళంచెవి ఏదీ?"

"తాళం పెట్టే రేకు పుచ్చిపోతే కోసి పారేస్తిని. ఇది మా ఇంటి వాకిట్లో ఉండిన బెల్లు. ఇప్పుడు మా ఇంటికొచ్చేవాళ్ళు తలుపు తట్టాల్సిందే."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. తాళం అక్కర్లేకుండా బయలుదేరే కారులో, ఒక్కొక్క భాగం ఒక్కొక్కరిదైన కారులో కూర్చుంటే నవ్వు ఎట్లా వస్తుంది? మద్రాసులో పోయిన కార్లు అంకెలు మార్చుకుని ఇంకో ఊళ్ళో తేలుతున్నాయని పేపర్లలో చదువుతున్న రోజులు. సంచీలోంచి నోటుబుక్కు తీసి కారు వర్ణన రాసుకోవడం మొదలుపెట్టాను. కారు ఆగింది.

"ఏం రాస్తా ఉండారు?"

"ఊరికే."

"ఊరికే ఎవురూ రాయరు సామీ. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆఫీసు మనిషి కాదు గదా మీరు?"

మోటారు వాహనాల ఆఫీసులో బండ్లను పరీక్షించే అధికారిని మద్రాసులో అట్లా అంటారు. కాదని ప్రమాణం చేసినంత పని చేశాను. ఆయన నన్ను నఖశిఖపర్యంతం చూసి, శాసనాల పుస్తకం అడిగి తీసుకుని, నాలుగు పేజీలు తిప్పి, అందులో కార్లేమీ లేవని తేల్చుకున్నాకే మళ్ళీ బెల్లు నొక్కాడు.

"తప్పుగా అనుకోవద్దు. ఆయుధపూజ అయిన సోమారం ఈ బండిని ఇన్‌స్పెక్టరుకు చూపించాల. పాత బండి, రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో దాటిపోయినాది. పాసైతే నా బండి. ఏదన్నా అనుమానం వచ్చిందంటే లాక్కోని పోయి పోలీస్ స్టేషను వెనక పడేస్తారు. ఆడ వానకు నాని మట్టయిపోవాల్సిందే. ఎనిమిదేళ్ళు చేస్తిని సామీ దీన్ని. ఎనిమిదేళ్ళ ఆదివారాలు."

తండయార్‌పేట దాటేలోగా తన కథంతా చెప్పాడు. పేరు కోదండరాం. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో చూలై పేటలో స్థిరపడ్డ కుటుంబం. జార్జి టౌన్‌లో ఇనుపసామాను టోకు కొట్టులో గుమాస్తా. పదిహేనేళ్ళు వెల్డింగ్ రాడ్లు అమ్మాడు గాని ఒక్కటీ కాల్చి చూడలేదట. ఒకరోజు ఎవరో రాడ్ల పెట్టె తిరిగి తెచ్చి, చెమ్మ పట్టింది, అంటుకోవడం లేదని గొడవ పెట్టుకున్నాడు. ఈయన నమ్మలేదు. ఆ మనిషి షెడ్డుకే పోయి, వాడి మిషను మీదే ఒక రాడ్డు తీసుకుని తానే రేకుకు ఆనించాడు. చక్కగా మండింది. అయితే కళ్ళకు అద్దం పెట్టుకోవాలని తెలియదు. రెండు రోజులు కళ్ళలో ఇసుక పోసినట్టు ఉండి, బంగాళదుంప చక్రాలు పెట్టుకుని పడుకున్నాడు. మూడో రోజు లేచి సొంతానికి ఒక పాత మిషను వెతకడం మొదలుపెట్టాడు.

"ఆ రవ్వ చూసినాక ఇంగ పక్కకు చూపు పోలేదు" అన్నాడు.

ఈ మాట నాకు నచ్చింది. అయినా, నచ్చే మాటలు చెప్పేవాళ్ళను నేను మొదటి నుంచీ నమ్మను.

కాఫీ తాగి పొమ్మని ఇంటికే తీసుకుపోయాడు. చూలైలో ఆయన ఇల్లు ఒక సన్నని సందు చివర. ఇంటి పక్క రేకుల చావడి, అందులో మిషను, సుత్తులు, గ్రైండింగు చక్రం. భార్య జయంతి మొహం కడుక్కోమని నీళ్ళిచ్చి, కాఫీ పెడతానని లోపలికి పోయింది. కోదండరాం పీపా దింపుకోవడానికి సందు మొదట్లో ఎవరినో సాయం పిలవడానికి పోయాడు. ఎక్కడికి కదిలినా "పోయొస్తా సామీ" అనడం ఆయన అలవాటు. మూడు గజాల దూరానికి కూడా అంటాడు.

ఎదురింటి గుమ్మంలో పూలు కట్టుకుంటున్న ముసలామె కన్నియమ్మ నన్ను పిలిచింది.

"ఎవురయ్యా నువ్వు, వాడి చుట్టమా?"

"కాదు."

"అట్లయితే చెప్తా ఉండా విను. ఆదివారం పొద్దున టీవీలో దేవుడు వచ్చే టైములో వీడు ఆ కరెంటు రాడ్డు పెడతాడు. పెట్టినాడంటే దేవుడు కుంచించుకొని ఇంతే అయిపోతాడు." రెండు వేళ్ళ మధ్య ఎడం చూపించింది. "ఏందో చేస్తా ఉండాడు లోపల. మంచి పనయితే బండి నంబరు మీద గుడ్డ ఎందుకు కప్పిపెడతాడు, అడుగు."

అడగలేదు. పోయి చూశాను. బానెట్టు ఎత్తితే లోపల చట్రం మీద నిజంగానే ఒక నూనెగుడ్డ కప్పి, తీగతో కట్టి ఉంది. దాని కింద వేలు మందాన గ్రీజు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దొంగ రాగిశాసనాలను పట్టుకునే పద్ధతి ఒకటుంది. పాత పేరు చెరిపి కొత్త పేరు చెక్కినచోట లోహం కాస్త లోతుపడుతుంది. కంటికి కనబడదు, కాగితం పరిచి రుద్దితే కనబడుతుంది. చదువు వల్ల మనిషికి వినయం వస్తుందంటారు గాని, నాకు వచ్చింది అనుమానం. నా తుండుతో గ్రీజు తుడిచి, నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి అంకెల మీద పరిచి, పెన్సిలు పక్కకు వాల్చి రుద్దాను. అంకెలన్నీ ఒక్క లోతున, శుభ్రంగా లేచాయి. చివరి అంకె ఎనిమిది. దాని పక్కనే మిరియపు గింజంత బొడిపె, ఎప్పుడో ఎగిరిపడి అతుక్కుపోయిన వెల్డింగు రవ్వ. గ్రీజు మళ్ళీ పూసి, గుడ్డ కట్టేశాను. నా అలవాటు ప్రకారం కాగితం అడుగున తేదీ, ఊరు రాసి, మూడు వాక్యాలు చేర్చాను. అంకెలు శుభ్రంగా ఉన్నందుకు నా అనుమానం తీరాలి గదా? తీరలేదు. అంత శుభ్రంగా ఎందుకున్నాయనిపించింది.

కాఫీ బాగుంది. జయంతి మళ్ళీ రమ్మంది.

మర్నాడు ఎగ్మూరులో నాకు తెలిసిన రిటైరయిన హెడ్ కానిస్టేబులు గోపాలస్వామి ఇంటికి ఆ కాగితం పట్టుకుని పోయాను. తాళం వేసి ఉంది; కూతురింటికి పోయాడట, పండగ దాకా రాడట. కాగితం శాసనాల పుస్తకంలో పెట్టుకుని వెనక్కి వచ్చాను.

తర్వాతి ఆదివారాలు చూలైకి పోయాను. ఆయన మీద ఓ కన్ను వేసి ఉంచడానికేనని నాకు నేను చెప్పుకున్నాను. పీపాను కోసే ముందు కోదండరాం చాకలి సోడా నీళ్ళతో మూడుసార్లు కడిగి, మూతి దాకా నీళ్ళు నింపి, వాసన చూసి, నన్ను కూడా చూడమన్నాడు. "లోపల ఏముండిందో మనకేం తెలుసు? ఖాళీ పీపాను నమ్మితే మనిషి మిగలడు" అన్నాడు. మొదటి కోత నీళ్ళు నిండి ఉండగానే ఉలితో కోశాడు. ఆ రేకును సుత్తితో చదును చేసి కారు అడుగుభాగానికి అమర్చాడు. కింద పడుకుని, మొహానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని, అంగుళం అంగుళం అతికాడు. ఒకచోట అతుకు పైకి నునుపుగా కనబడుతున్నా, చెవి పెట్టి సుత్తితో తట్టి, లోపల గుల్ల ఉందని మొత్తం విప్పేశాడు. దొంగబండికి ఎవడైనా ఇంత చాకిరీ చేస్తాడా? ఆ ప్రశ్న నాకు వచ్చింది. వచ్చినా, కాగితం చించలేదు.

ఆయుధపూజ గురువారం వచ్చింది. ఆ రోజు జయంతి సుత్తులు, చక్రం, మిషను అన్నీ చింతపండుతో, ఉప్పుతో ఇత్తడి సామాను తోమినట్టు తోమింది. బొట్లు పెట్టింది. కారు దగ్గరికి వచ్చింది. బొట్టు పెట్టడానికి మనిషికి నుదురున్నట్టు కారుకు నంబరే కదా అని, గుడ్డ విప్పి, జిడ్డంతా పోయేదాకా చింతపండుతో రుద్ది, కోసిన నిమ్మచెక్కకు కుంకుమ అద్ది అంకెల మీద పెట్టింది. పూజకు పెట్టిన పనిముట్టును ముట్టుకోకూడదు. శుక్రవారం విజయదశమి. శనివారం కొట్టులో పని. ఆదివారం ఈదురువాన, రేకుల చావడి కారింది, కరెంటు లేదు. అంటే గ్రీజు లేని అంకెల మీద నిమ్మచెక్క నాలుగు రోజులు ఉండిపోయింది.

సోమవారం పొద్దున నేను పోయేసరికి కోదండరాం బానెట్టు ఎత్తి నిలబడి ఉన్నాడు. జయంతి పక్కన బిక్కమొహంతో ఉంది.

"తుప్పు చూస్తే నా చెయ్యి ఆగదు సామీ" అన్నాడు. "చక్రం పెట్టేస్తిని."

చెయ్యి అలవాటు అది. తుప్పు కనబడగానే ఆలోచించకుండా గ్రైండింగు చక్రం ఆనించాడు. తుప్పు పోయింది. దాంతో చివరి అంకెలో ఎడమ సగం కూడా పోయింది. ఎనిమిది మూడయి కూర్చుంది.

"చక్రం పెట్టింది నువ్వు. నేను పెట్టింది నిమ్మకాయ. నన్ను చూస్తావేంది?" అంది జయంతి. అని, నా వైపు తిరిగింది. "అయ్యా, మీరు కూడా పోండి. పెద్దాయన పక్కనుంటే మర్యాదగా మాట్లాడతారు."

బ్రేకు ఇన్‌స్పెక్టరు కృష్ణన్ మర్యాదగానే మాట్లాడాడు. ఆఫీసు మైదానంలో పదిహేను బండ్లున్నాయి. మాది వచ్చేసరికి బస్సు దీపాలు చూసి నవ్వాడు, సినిమా కుర్చీలో కూర్చుని చూశాడు, కింద వంగి అతుకులు చూసి "యార్ పణ్ణినదు?" అన్నాడు. ఎవరు చేశారని.

"నేనే సార్."

"మంచి చెయ్యి." తర్వాత బానెట్టు కింద తల పెట్టాడు. తల పైకెత్తేసరికి మొహంలో నవ్వు లేదు. "చక్రం పెట్టి రుద్దినావు. నిన్న మొన్న రుద్దినావు. ఆర్.సి. బుక్కులో ఎనిమిది, ఈడ మూడు."

"పూజ సార్. మా ఇంటామె నిమ్మకాయ పెట్టె, తుప్పు పట్టె..."

"నంబరు రుద్దినోడు ప్రతివాడూ ఒక దేవుణ్ణి పిల్చుకొస్తాడప్పా నా దగ్గరికి." తమిళమూ తెలుగూ కలిపి మాట్లాడుతున్నాడు. "బండి ఈడనే ఉండనీ. పాత రికార్డు తెప్పించి చూడాల. మూడు నెలలో, ఆరు నెలలో."

మైదానం చివర పట్టుబడ్డ కార్లు వరసగా ఉన్నాయి. ఒకదాని కిటికీలోంచి ఆముదపు మొక్క బయటికి వచ్చింది. కోదండరాం ఆ వైపు ఒక్కసారి చూశాడు. చేతిలోని గ్రీజు గుడ్డను మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

నా సంకలో పుస్తకం ఉంది. పుస్తకంలో కాగితం ఉంది. అడుగున నేనేం రాశానో నాకు తెలుసు. చించేసి పై ముక్క ఇద్దామా అనుకున్నాను; చించిన కాగితాన్ని ఈ మనిషి నమ్మడు. ఇవ్వకుండా ఊరుకుంటే నా మర్యాద నాకు మిగులుతుంది, కారు ఆముదపు మొక్కలకు పోతుంది. తీసి ఇచ్చాను.

కృష్ణన్ కాగితాన్ని అంకెల మీద పరిచాడు. అన్నీ సరిపోయాయి. చివర ఎనిమిది నిండుగా ఉంది. దాని పక్కన కాగితం మీది నల్లచుక్క, ఇనుము మీది బొడిపె మీద సరిగ్గా కూర్చుంది. వేలితో ఒకటికి రెండుసార్లు తడిమి చూశాడు. ఆ బొడిపె ఇంకో కారు మీద అదే చోట ఉండదని ఆయనకూ తెలుసు.

"ఈ ప్రింటు ఎవురు తీసిరి?"

"నేను" అన్నాను.

"ఎందుకు?"

నేను చెప్పేలోగానే ఆయన అడుగున ఉన్న తెలుగు రాత చూశాడు. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చుగాని చదవడం రాదు. కాగితం కోదండరాం చేతికిచ్చి, "ఏం రాసుండాది, చదువు" అన్నాడు.

ఉన్నది ఇది: "చూలై, 27-9-94. కోదండరాం అనువాని బండి. దొంగ సొత్తు కావచ్చును. గోపాలస్వామికి చూపవలెను."

కోదండరాం తనలో తాను చదువుకున్నాడు. పెదవులు కదిలాయి, ఆగాయి. మొదటి మాట దగ్గరికి మళ్ళీ పోయి, చివరి దాకా రెండోసారి చదివాడు. ఇన్‌స్పెక్టరు ఎదురుచూస్తున్నాడు.

"చూలై సార్. సెప్టెంబరు ఇరవై ఏడో తేదీ. నా పేరు, నా బండి" అన్నాడు. "అంతే సార్."

కృష్ణన్ తేదీ అంకెలు మళ్ళీ చూసుకుని, ఫైలు మీద సంతకం పెట్టాడు. కిటికీ దగ్గర ముద్ర వేయించుకోమని చెప్పి పక్క బండికి పోయాడు.

కోదండరాం గ్రీజు డబ్బా తెరిచి అంకెల మీద దట్టంగా పూశాడు. గుడ్డ కప్పి, తీగ రెండు మెలికలు తిప్పి బిగించాడు. వెనుకటి కంటే ఒక మెలిక ఎక్కువే. బానెట్టు దించాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నా పుస్తకంలో, అది ఉండిన పేజీలోనే పెట్టాడు.

"కోదండరాం..." అన్నాను.

ఆయన ఫైలు సంకలో పెట్టుకుని, ముద్ర వేసే కిటికీ వైపు నడిచాడు. దారిలో కాపలావాడికి, టీ అమ్మేవాడికి "పోయొస్తా" అంటూ పోయాడు.