ఇసుక మీద కర్రసాము

మొన్న నంద్యాలలో మనవరాలిని కరాటే క్లాసుకు దింపడానికి వెళ్లి, ఎలాగూ వచ్చాను కదా అని గోడవారన వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కాసేపు కూర్చున్నాను. తెల్లబట్టలు వేసుకుని గాలిని గుద్దుతున్న పిల్లల్లో ఒక బాబుకు చెవి వెనక చిన్న వినికిడి మిషను ఉంది. వాళ్లమ్మ నా పక్కనే ఫోను చూసుకుంటూ కూర్చుంది. ఆ బాబును ఎవరూ వింతగా చూడడం లేదు, ఆమె ఎవరికీ ఏమీ సర్దిచెప్పుకోవడం లేదు. సంతోషించాల్సింది పోయి నేను లేచి బయట గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఇంటికొచ్చాక నా ముఖం చూసి, ఏమైందత్తయ్యా అని కోడలు అడిగితే, కాఫీ తాగే లోపల చెప్పగలిగేది కాదని ఏమీ లేదన్నాను. మీరు నా ఈడు వాళ్లు, మీకైతే తీరిగ్గా చెప్పుకోవచ్చు.

డెబ్భైల చివర్లో, ట్రైనింగు అవగానే నాకు నంద్యాలలోనే మూగ చెవిటి పిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. అప్పట్లో అలాగే అనేవాళ్లం, ఇప్పటి మర్యాద మాటలు మాకింకా తెలియవు. సైగలు అలవాటైతే పిల్లలు ఇక నోరు తెరవరని మా పెద్ద టీచరమ్మ నమ్మకం, ఆమె నమ్మకమే మాకు చట్టం. నోటి ముందు కాగితం ముక్క పట్టుకుని ‘ప’ అంటే అది ఎగరాలి, ‘మ’ అంటే ఎగరకూడదు. రోజంతా నేను కాగితం ఎగరేస్తుంటే, పిల్లలు చేతులు కట్టుకుని, ఎదురుగా ఎవరో తమలపాకులు నములుతుంటే చూసినట్టు నన్ను చూసేవాళ్లు. నేను బోర్డు వైపు తిరగ్గానే ఆ చేతులు విప్పుకుని ఎన్ని కబుర్లు చెప్పుకునేవారో! ఆ కబుర్లు నేర్చుకోవాలని మాకెవరికీ తోచలేదు, తోచినా ఒప్పుకునేవాళ్లు లేరు.

మాకు డ్రిల్లు మాస్టరు లేడు. ఆ వీధిలోనే తాలింఖానా నడిపే ఉస్తాదు ఒకాయన ఉండేవాడు. పీర్ల పండక్కి ఊరి కుర్రాళ్లకు కర్రసాము నేర్పే పెద్దమనిషి, గడ్డానికి గోరింట, మాటకు ముందు నవ్వు. పెద్ద టీచరమ్మ ఏ కళన ఉందో గానీ, ఆయన్ని పిలిపించి మా పిల్లల ఒళ్లు వంచమంది. చెవులు లేకపోతే డప్పు ఎట్లా వింటారని నేను సందేహపడితే ఆయన నన్నే చిన్నపిల్లను చేసి, “కండ్లు ఉండాయి గదా టీచరమ్మా! నా చేతులు సూస్తారు, సాలు” అని కొట్టిపారేశాడు. బడికి ఆడుకునే జాగా లేనందున, పాత జిన్నింగు మిల్లు మేడ మీద, చెక్కపలకలు పరిచిన పత్తి గోడౌను ఖాళీగా ఉంటే మిల్లు శెట్టిగారు వాడుకోమన్నారు. అడుగు వేస్తే కిర్రుమనే ఆ పలకల మీదే పిల్లల సాము మొదలైంది.

తాలింఖానాలో ఒక కట్టుబాటు ఉంది. నేలకు దండం పెట్టి కర్ర అందుకున్నాక, డప్పు మోగుతున్నంతసేపూ ఆట నడవాలి, డప్పు ఆగితే ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగిపోవాలి. మధ్యలో ఆట ఆపడానికి ఎవరూ బరిలోకి అడుగు పెట్టకూడదు, ఉస్తాదు కూడా. చెవులున్న కుర్రాళ్లే ఒక దెబ్బ ఎక్కువ వేసి తిట్లు తినేవారు. మా పిల్లలు మాత్రం డప్పు మీద చెయ్యి నిలవగానే బొమ్మల్లా నిలిచిపోయేవాళ్లు. మూల కూర్చున్న తన చేతుల్ని ఓరకంట చూస్తున్నారని ఉస్తాదు మురిసిపోయేవాడు. మేమూ అదే అనుకున్నాం.

వాళ్లందరిలో ఆళ్లగడ్డ పిల్ల ఒకతె ఉండేది. నాన్న రాతిశిల్పాలు చెక్కుతాడు, తల్లి లేదు. ఆడపిల్లకు కర్రేందని ఉస్తాదు మొదట్లో దూరం పెడితే, అది రోజూ వచ్చి అందరికంటే ముందు నేలకు దండం పెట్టి నిలబడేది. చివరికి ఆయనే ఓడిపోయి కర్ర ఇచ్చాడు. తరగతిలో ‘ప’ అనలేక తల వంచుకునే పిల్ల, కర్ర పట్టుకుంటే వేరే మనిషి. ఆ చెయ్యి తిరుగుతుంటే కర్ర కనిపించేది కాదు. దాన్ని చూస్తుంటే ఈ ఉద్యోగంలో చేరినందుకు నాకు గర్వంగా ఉండేది.

ఆ ఏడు వేసవికి ముందు వాళ్ల నాన్న వచ్చి, పిల్ల పెద్దదైంది, మాట రాలేదు, ఇక చదువెందుకు, ఇంటికి తీసుకుపోతానన్నాడు. కఠినుడేమీ కాదు, పిల్ల జడలో పెట్టడానికి కనకాంబరాలు కొనుక్కొచ్చిన మనిషి. ఊళ్లో వాళ్లు, ఇంటి పెద్దలు సతాయిస్తున్నారు. పెద్ద టీచరమ్మ బతిమాలితే ఒక మాట అన్నాడు. “మా వీదిలో నలుగురి ముందర ఆడి సూపియ్యండమ్మా. మా బిడ్డకు ఏదో ఒకటి వస్తాదని మావోళ్లు కండ్లారా సూస్తే, నేను సదివిస్తా. లేదంటే రాళ్లు నునుపు చేసుకుంటా ఇంట్లో ఉంటాది.” ఆ పిల్ల చదువంతా ఆ ఒక్క ఆట మీద ఆధారపడింది.

మేం బస్సు దిగేసరికి ఆళ్లగడ్డలో ఆయన ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. శిల్పుల వీధి కదా, ఎక్కడ చూసినా రాతిపెచ్చులే. ఒట్టి కాళ్లతో ఆడే పిల్లలకు గుచ్చుకుంటాయని ఆయన పొద్దున్నే చిమ్మి, వంక నుంచి బండితో మెత్తని ఇసుక తోలించి మడమలు దిగేంత మందంగా పరిపించాడు. ఎంత శ్రద్ధగా చేశాడో అని మేమంతా మెచ్చుకున్నాం.

డప్పు మోగింది. పిల్ల, దాని జోడీ కుర్రవాడు దండం పెట్టి లేచి, కదలకుండా నిలబడ్డారు. డప్పు మోగుతూనే ఉంది, వాళ్లు నేల వైపు చూస్తూనే ఉన్నారు. ఉస్తాదు తలతో సైగ చేస్తే తడబడుతూ మొదలుపెట్టారు. ఒకరి కర్రకు ఒకరి కర్ర అందడం లేదు. జనంలో గుసగుసలు లేచాయి, ఆయన గబుక్కున డప్పు ఆపాడు. ఎదురుగా ఉన్న కుర్రవాడు ఆయన్ని చూసి కర్ర దించేశాడు. ఆయనకు వీపు తిప్పి ఉన్న పిల్ల దించలేదు. దాని కర్ర కుర్రవాడి కనుబొమ్మ మీద పడి నెత్తురు చిమ్మింది. ఆపండి, ఆపండి అని వీధి వీధంతా అరుస్తోంది. కట్టుబాటు కదా, బరిలోకి ఎవరూ అడుగు పెట్టలేదు. వినాల్సిన పిల్లకే ఆ అరుపులు వినబడవు. నేను నోరు తెరిచాను గానీ ఏ అరుపు అరిస్తే దానికి చేరుతుంది? కుర్రవాడు చేతుల్లో ముఖం దాచుకున్నాక గానీ దానికి తెలియలేదు. అప్పుడు చుట్టూ తిరిగి, తెరుచుకున్న అన్ని నోళ్లనూ చూసింది.

గాయం పెద్దది కాదు, కుట్లతో పోయింది. వాళ్ల నాన్న మాత్రం నా దగ్గరకొచ్చి, నా ముఖం చూడకుండా, “సాలు తల్లీ, ఇంగ పంపీను” అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో పిల్ల లేకుండానే తిరిగొచ్చాం.

తరువాతి వారం మిల్లు మేడ మీద పిల్లలు గోడవైపు తిరిగి కర్రలు సర్దుతున్నారు. ఉస్తాదు దిగులుగా కూర్చుని, ఊరికే డప్పు మీద ఒక దెబ్బ వేశాడు. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. ఇన్నాళ్లూ వాళ్లు చూస్తున్నది ఆయన చేతుల్ని కాదు. పలకల అదురు పాదాల్లోంచి వింటున్నారు. మెత్తని ఇసుక ఆ అదురును మింగేసింది.

మర్నాడే పరుగున ఆళ్లగడ్డ పోయాను. నీ ఇసుక వల్లే అని తండ్రితో ఎలా అనాలో తెలియక, అటూ ఇటూ తిప్పి చెప్పాను. “ఇసకకూ చెవుడుకూ ఏం సంబందమమ్మా?” అన్నాడు. ఉలి కింద పెట్టి, “ఆ పిల్లోని కన్ను పోయింటే నువ్వు తెచ్చిస్తాంటివా?” అన్నాడు. ఆయన కోపంగా అనలేదు.

ఈలోగా, తడి చేతులతో రాయి రుద్దుతున్న పిల్ల నన్ను చూసి ఇంట్లోకి పరుగెత్తి బట్టల మూట చంకన పెట్టుకుని వచ్చేసింది. తనను తీసుకుపోవడానికి వచ్చాననుకుంది. నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని గుంజింది. నేను నోరు బాగా తెరిచి, మా బడి పద్ధతిలో, నిదానంగా ‘కాదు’ అన్నాను. అది నా పెదవుల్ని చూసి, ఇంకా నవ్వుతూ తల ఊపింది. వాళ్ల నాన్న మూట తీసుకుని దాన్ని లోపలికి నడిపించాడు. నేను బస్టాండు దాకా ఏడుస్తూ నడిచాను. ఇంకోసారి వెళ్లే ధైర్యం చేసేసరికి వాళ్లు పని కోసం ఎటో వలసపోయారు.

ఇప్పుడు చెవులకు మిషన్లు వచ్చాయి. టీవీ వార్తల్లో ఒక మూల ఒకామె చేతులతో అన్నీ చెబుతుంటే, వార్తలు వదిలేసి నేను ఆ చేతులే చూస్తుంటాను. మేం పిల్లలకు కట్టి కూర్చోబెట్టిన చేతులకు ఇంత భాష ఉందని లోకం ఒప్పుకుంది. తప్పు నీది కాదు తల్లీ అని చెప్పడానికి ఏ సైగ చేయాలో ఎవరినడిగినా నేర్పిస్తారు. నేర్చుకుని ఎవరికి చెప్పను?