కత్తికి కాదమ్మా, నేలకు

మొన్న సాయంత్రం వాన వెలిశాక కిటికీ దగ్గర నిలబడి, మంచి పదునైంది అని పైకే అనేశాను. టీవీ మీదినుంచి చూపు తిప్పకుండానే మా మనవరాలు, దేనికి తాతా, కత్తికా అని అడిగింది. నేను పడీ పడీ నవ్వుతుంటే ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. నా ఈడువాళ్లు, అందులోనూ మా సీమవాళ్లు, ఇట్టే పట్టేస్తారు. ఆ ఒక్క మాటే ఒకప్పుడు నా కొంప ముంచింది, నన్ను నిలబెట్టిందీ అదే.

పందొమ్మిది వందల నలభైలలో సంగతి. ఇరవై రెండేళ్లు నిండినా నంద్యాలలో నాకు ఫలానా పని అంటూ కుదరలేదు. గడియారాలు విప్పి బిగించడం, హోమియోపతి, అహోబిలంలో ఒక పండితుడి చావడిలో కూర్చుని పాత శాసనాలు చదవడం, ఫోటోలు కడగడం, ఇలా కంటబడినదల్లా కొంచెం కొంచెం నేర్చి, దేన్నీ చివరిదాకా పట్టుకోకుండా వదిలేసేవాణ్ణి. నీది తల గాదురా, సంత, అనేవాడు మా నాయన. పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా పని మాట్లాడి పెట్టాడు కూడా. నేను కాళ్లావేళ్లా పడి మద్రాసు పత్రిక ఒకదానికి విలేకరిగా కుదిరితే, దసరా దాకా చూసి, నిలదొక్కుకోకపోతే మిల్లుకే పొమ్మన్నాడు.

ఎండలకు బీటలు తీసిన నేల మీద ఆళ్లగడ్డ వైపు వాన పడిందని తెలిసి, బొగ్గుతో నడిచే బస్సెక్కి మా పెదనాయన ఊరికి పోయి వచ్చి, 'ఆళ్లగడ్డలో మంచి పదును, రైతులు సిద్ధం' అని నా మొదటి వార్త రాసి పంపాను. విత్తనం వేయడానికి నేల ఎంత తడవాలో అంత తడిస్తే మేము పదునంటాం. పత్రికలో దాన్ని దిద్దిన పెద్దమనిషి కాలువల సీమ మనిషట, వాన కోసం ఆకాశం చూసే అవసరం లేనివాడు. పాఠకులకు స్పష్టంగా ఉండాలని తన చేత్తో ఒక మాట చేర్చాడు. మూడోనాడు అచ్చులో చూద్దును కదా, 'ఆళ్లగడ్డలో కత్తులకు పదును, రైతులు సిద్ధం' అని ఉంది!

వార్త రాసినవాడు దిగింది అక్కడేనని తెలిసి పోలీసులు నేరుగా మా పెదనాయన ఇంటికే పోయారు. ఆయన వాకిట్లో విత్తనాల గొర్రు బాగు చేసుకుంటున్నాడు. "గొర్రు చెక్కుతాండా గదప్పా, కత్తి యాడిది?" అని మొత్తుకున్నా ఇల్లంతా వెదికి పోయారట. పరుగెత్తుకుంటూ పోయిన నన్ను ఆయన గడప బయటే ఆపాడు.

"ఏందిరా ఇది? తడి నేలకూ కత్తికీ తేడా తెలీదా మీ పేపరోళ్లకు? పోయిన పేరు తెచ్చినాకనే ఈ గడప తొక్కు."

ఆ మాటకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంటికొచ్చి కూర్చుని పత్రికకు ఎనిమిది పేజీల ఉత్తరం రాశాను. నల్లరేగడి ఎన్ని వేళ్ల లోతు తడవాలి, ఏ కార్తెలో ఏది వేస్తారు, గొర్రుకు పళ్లెన్ని, పాత శాసనాల్లో పొలాల సంగతులేమిటి, నా సంతలోని సరుకంతా అందులో కుమ్మరించాను. సంపాదకుడు సగానికి కోసినా నా పేరుతోనే వేశాడు. అది చదివి, డాక్యుమెంటరీలు తీసే మద్రాసు ఆసామి ఒకాయన కెమెరాతో సహా నన్ను వెతుక్కుంటూ దిగాడు.

దిగీదిగగానే, మీసాలున్నవాళ్లను నలుగురిని కత్తులతో నిలబెట్టగలవా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. దసరా ఇంక నాలుగు రోజులే ఉంది, చేతికందిన అవకాశం పోతే మిగిలేది దూది మిల్లే. అయినా, ఆ బొమ్మ కావాలంటే వేరే మనిషిని చూసుకోండి అనేశాను. ఆయన నవ్వి, అయితే నీ పదును చూపించు పద అన్నాడు.

ముందురోజు పడిన వానకు మా పెదనాయన చేను తడిసి ఉంది. కబురు పంపితే ఆయన ముఖం ముడుచుకునే గట్టు మీదికి వచ్చాడు. కెమెరా ముందు మాత్రం కొంచెం కూడా బెదరకుండా మట్టి తీసి పిడికిలి బిగించాడు. "ముద్ద నిలిస్తే పదును, జారితే బురద, రాలితే దుమ్ము. ఇంగేముండాది చెప్పేదానికి?" ఆ సినిమాకు తెలుగు వ్యాఖ్యానం నన్నే రాయమన్నారు. దసరా సంగతి మా నాయన మళ్లీ ఎత్తలేదు.

కొన్నాళ్లకు నంద్యాల టూరింగు టాకీసులో అసలు సినిమాకు ముందు దాన్ని వేశారు. తెర నిండా మా పెదనాయన పిడికిలి, వెనక నా మాటలు: 'ఆళ్లగడ్డలో మంచి పదును, రైతులు సిద్ధం.' డేరా అదిరిపోయేలా ఈలలు! ఆళ్లగడ్డ నుంచి బండ్లు కట్టుకొచ్చిన మా వాళ్లు పైగుడ్డలు ఎగరేశారు. పెదనాయన లేచి నిలబడి తెరనూ తన చేతినీ మార్చి మార్చి చూసుకుంటుంటే, వెనకవాళ్లు కూర్చోమని కేకలు. కూర్చున్నాక నా వైపు తిరిగి, రేపు ఇంటికి రారా అన్నాడు. పక్కనే ఉన్న మా నాయన, సంత బాగా జరిగిందిరా అన్నాడు. ఆ తరువాత ముప్పై ఏళ్లు రాశాను, తీశాను. అంత గెలుపు మాత్రం మళ్లీ చూడలేదు.

ఆ రీలు ఇప్పుడెక్కడుందో తెలియదు. టీవీలో వాన ఎన్ని మిల్లీమీటర్లో చెబుతారు, పదునైందో లేదో ఎవరూ చెప్పరు. ఇదంతా విని మా మనవరాలు, ఏదీ, ఆ పదును చూపించు తాతా అంది. ఉత్సాహంగా లేచి ఆమె చేయి పట్టుకుని వాకిట్లోకి వెళ్లాను. ఇంటి చుట్టూ సిమెంటు పోయించింది నేనే. పిడికెడు మట్టి కోసం పూలకుండీ దాకా పోవలసి వచ్చింది.