పండుగల అరలో మైసమ్మ

తాహేరా నల్లగొండ జిల్లాలోని ఆ సిమెంటు కార్ఖానాలో టైపిస్టుగా చేరింది ఎనభైల చివరలో. పాలమూరులో తండ్రి దర్జీ. భర్త లారీ కింద పడి పోయాక ఆమెకు మిగిలింది టైపు చేసే వేళ్లు మాత్రమే.

ఆమె చేరిన వారంలోనే, రాళ్లు నలిపే రెండో నంబరు యంత్రం సైదమ్మ అనే కూలి మనిషిని చెయ్యి పట్టి భుజందాకా లాక్కుంది. దవాఖానకు చేరేలోపే ఆమె నెత్తురంతా పోయింది. మర్నాడు పనివాళ్లు ఆ యంత్రానికి పసుపు పూసి, మేకను కోసి, నెత్తురు చక్రం మీద చల్లారు. ప్రాణం తీసుకున్నదాన్ని అంకెతో పిలవడం తప్పని వారి నమ్మకం. ఆనాటి నుంచి అది వాళ్లకు మైసమ్మ. ఆఫీసు గదుల్లోకి మాత్రం ఆ పేరు రాలేదు. అక్కడ అది రెండో నంబరుగానే ఉండిపోయింది.

తొంభైల నడుమ కార్ఖానాకు కంప్యూటర్లు వచ్చాయి. ప్రతి షిఫ్టు చివర ఇన్‌చార్జి ఆ పూట విశేషాలు రాసిపెడితే, తక్కిన విభాగాలవాళ్లు తమకు కావలసిన మాట కొట్టి వెతికి చదువుకునే ఏర్పాటు అది. దాన్ని చూసుకునే పని తాహేరాకు అప్పగించారు. కొద్దికాలానికే ఫిర్యాదులు మొదలయ్యాయి. తెగిన బెల్టు గురించి వెతికితే బోనాల సెలవులూ, మేకపోతుకు వేసిన చందాలూ వచ్చిపడుతున్నాయి. వెతుకులాటను బాగుచేయమన్నాడు మేనేజరు.

ఆమె బాగుచేసింది. యంత్రాలు, ముడిసరుకు, మనుషులు, పండుగలు అంటూ అరలు ఏర్పరచింది. దేవుళ్ల పేరున్న ప్రతి రాతా పండుగల అరలోకి పోవాలనీ, యంత్రాల గురించి వెతికేవారికి ఆ అర కనబడరాదనీ నియమం పెట్టింది. అమ్మవారి పేరును గ్రీజు పక్కన, విరిగిన పళ్లచక్రం పక్కన చూపడం ఆమెకు మర్యాదగా తోచలేదు. తన మతం కాని దేవత గనుక మరింత జాగ్రత్తపడింది. ఒక్కొక్క రాతను ఆమె చదవలేదు. నియమం ఆమె రాసింది, తరలించే పని కంప్యూటరు చేసింది. మేనేజరు మెచ్చుకున్నాడు. అడిగింది మాత్రమే వచ్చినప్పుడు, రానిదేదో ఉన్నదన్న అనుమానం ఎవరికీ కలగదు.

ఒక వేసవి పగలు, రెండో నంబరు యంత్రం నోట్లో బండరాయి ఇరుక్కుంటే, ఇన్‌చార్జి సోమన్న చెప్పగా పెద్దులు అనే కూలి గడ్డపార పట్టుకుని లోపలికి దిగాడు. స్విచ్ దగ్గర మరో కూలి జానయ్య ఉన్నాడు. చక్రం కదిలింది. పెద్దులు అరుపు సగంలో తెగిపోయింది. యంత్రాన్ని ఆపేసరికి బెల్టు మీద ఎర్రబడిన రాళ్లు గోదాముదాకా వెళ్లిపోయాయి.

అంతకుముందే కల్లు దుకాణం దగ్గర తగువులో జానయ్య పెద్దులు పన్ను రాలగొట్టాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. పెద్దులు తమ్ముడు కాటమయ్య మనుషులను వెంటబెట్టుకొచ్చి, గేటు అవతల లారీలు తూచే కాంటా దగ్గరి ఇనుప స్తంభానికి జానయ్యను కట్టేశాడు. మేనేజరు భయంతో లోపలికి పరుగెత్తి, రెండో నంబరు యంత్రం మీద ఏమేం ఫిర్యాదులున్నాయో వెతికాడు. ఒక్కటీ లేదు. బయటికొచ్చి ఆ మాటే చెప్పాడు.

"మిషన్‌లో ఏ లోపమూ లేదయ్యా. కంప్యూటర్‌లో చూసే చెబుతున్నాను."

ఇనుప కడ్డీ జానయ్య మోకాలి మీద పడింది.

"చెప్పురా, ఎందుకు నొక్కినవ్?"

"నేను నొక్కలే కాటమన్నా! మైసమ్మ తనంత తనే లేసింది. మునుపు గూడ గట్లనే లేసింది, రాసి గూడ పెట్టిండ్రు."

"అమ్మ మీద పెడ్తున్నవార? పన్ను రాలగొట్టినోనివి, పానం దియ్యవా?"

"వీన్ని గూడ దాని నోట్లనే పడేద్దాం. ఎవలు జేసిండ్రో అమ్మనే జెప్తది," అన్నాడు వెనకనుంచి ఒకడు. కొందరు నవ్వారు. కడ్డీ మళ్లీ లేచింది.

కిటికీ దగ్గర నిలబడ్డ తాహేరా చెవిన మైసమ్మ అన్న మాట పడింది. అది యంత్రం పేరని ఆమెకు అప్పుడే తెలిసింది. వెళ్లి పండుగల అర తెరిచింది. మేక చందాల నడుమ షిఫ్టు ఇన్‌చార్జి సోమన్న రాతలు కనిపించాయి. 'మైసమ్మ తనంతట తాను కదిలింది. స్విచ్ ఆపే ఉంది. కరెంటువాళ్లు చూడాలి.' దాని కింద అంతకు మునుపటిది, అదే సంగతి. కరెంటు విభాగంవాళ్లు రోజూ యంత్రాల అర మాత్రమే వెతుక్కునేవాళ్లు.

కాగితాలు అచ్చు తీసుకుని ఆమె గేటువైపు పరుగెత్తింది. కావలి మనిషి హమీద్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పోకు బేటీ. గిప్పుడు వాళ్లకు మనుషులు కనవడ్తలేరు."

"చాచా, జర జరుగు. ఆయన సచ్చిపోతడు."

అతన్ని తప్పించుకుని కాంటా దగ్గరికి వెళ్లి ఆమె గొంతెత్తి చదివింది. కొట్టే చేతులు ఆగాయి. కాటమయ్య గుంపులో వెతికి, తల దించుకుని నిలబడ్డ సోమన్న గల్లా పట్టుకున్నాడు.

"ఎరికుండి గూడ మా అన్నను దింపినవా?"

రాసి పెట్టడంతో తన బాధ్యత తీరిందని సోమన్న నమ్మాడు. వెతికితే దొరకలేదు గనుక లేనే లేదని మేనేజరు నమ్మాడు. మనిషిని చంపడానికి ద్వేషమే ఉండనక్కరలేదు, ఇటువంటి నమ్మకాలు రెండు చాలు.

"రాసినోన్ని కొడితె రేపు ఎవలు రాస్తరన్నా?" అంది తాహేరా. "గిది కరెంటోళ్లకు కనవడకుంట జేసింది నేను. పండుగల దిక్కు పెట్టిన."

"పండుగల దిక్కు ఎందుకు పెట్టినవ్?"

"మీ దేవత పేరు గదా అని."

కాటమయ్యకు అది అర్థమైందో లేదో చెప్పలేం. ఆడమనిషి మీద చెయ్యెత్తుతాడని ఎవరూ అనుకోలేదు. కడ్డీ ఆమె కుడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గుంపు చివరిదాకా వినిపించింది.

పెద్దులు తల్లి ఉప్పలమ్మ అప్పటిదాకా నేల మీద కూలబడి ఉంది. లేచి వచ్చి చిన్నకొడుకు కాటమయ్య చెంప మీద కొట్టింది.

"ఇంక ఎంతమందినిర? నా కొడుకును తిన్నది వీడు గాదు. ఇప్పు."

నెత్తురుతో ముడి బిగుసుకుపోయింది. కాటమయ్య పళ్లతో లాగి తాడు విప్పాడు. జానయ్య కింద పడ్డాడు, కాని ఊపిరి ఉంది.

మర్నాడు యంత్రాన్ని విప్పి చూస్తే, కరెంటు కలిపే పెట్టెలో రాగి ముక్కలు కరిగి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. స్విచ్ ఆపినా వాటిగుండా కరెంటు పోతుంది.

వంకర అతికిన చేతితో తాహేరా పనిలోకి వచ్చాక, అరల మధ్య అడ్డుగోడలు తీసేసింది. ఎన్నడూ వెళ్లని రాళ్లు నలిపే యంత్రాల దగ్గరికి వెళ్లి, దేన్ని ఏ పేరుతో పిలుస్తారో అడిగి తెలుసుకుంది. ఏ పేరు కొట్టినా అన్ని పేర్ల కింద ఉన్న రాతలూ వచ్చేట్టు కలిపింది. బెల్టు గురించి వెతికితే మళ్లీ మేకలు వస్తున్నాయని మేనేజరు విసుక్కున్నాడు.

"రానీయుండ్రి సార్. చూసి దాటిపోండ్రి," అందామె.

దాన్ని ప్రాయశ్చిత్తమని అనను, పని అని మాత్రం అంటాను. చచ్చినవాడికి అది ఏమీ చేయలేదు.

జానయ్య బతికాడు. మోకాలు వంగదు. కార్ఖానా బయట బీడీలు అమ్ముకుంటాడు. తాహేరా అటుగా వచ్చినప్పుడల్లా గోడ పట్టుకుని లేవబోతాడు.

"కూసో అన్నా," అంటుంది ఆమె. ఆగదు.