డెన్మార్క్ ఛైర్మన్‌కు కప్పిన శాలువా

పోయిన ఆదివారం నేను చేసిన ఘనకార్యం వినండి. డెన్మార్క్‌లో కూర్చున్న పెద్దమనిషికి వరంగల్ నుంచే ముసుగేసిన.

నేను యూట్యూబ్ చూసి ఫుట్‌బాల్ నేర్చుకొని, కాశిబుగ్గలో ఆడపిల్లలకు నేర్పుతాన్న. మా గోల్‌కీపర్ స్రవంతి వాళ్ల నాయిన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారి. "రేపు మోకాలు పోతే దాని బతుకేంది బిడ్డా? ఇగ ఆట బంద్" అన్నడు. ఆ పిల్ల లేకపోతే మా టీమే లేదు. ఊరుకోలేక, యూట్యూబ్‌లనే కనబడ్డ డెన్మార్క్ ఫుట్‌బాల్ క్లబ్ ఛైర్మన్‌కు మెయిల్ పెట్టిన. ఆయన ఒకప్పుడు ప్లేయరే. మోకాలు పోయి ఆట ఆగింది. తర్వాత అదే క్లబ్‌లో టికెట్లు అమ్ముకుంట, మెల్లమెల్లగ ఛైర్మన్ అయిండు. ఆ ముచ్చట ఆయన నోటితోనే చెప్పించాలని నా ప్లాన్. పాపం, వీడియో కాల్‌కు వెంటనే ఒప్పుకున్నడు.

స్కూల్ హాల్‌లో టేబుల్ మీద లాప్‌టాప్. ముందు కుర్చీలో స్రవంతి నాయిన, చేతులు కట్టుకొని. ఛైర్మన్ "నా మోకాలు పోయిన రోజు..." అని మొదలుపెట్టిండో లేదో, నాకు గుర్తొచ్చింది: చీఫ్ గెస్టుకు సన్మానం చెయ్యలే. శాలువా లేకుండ మన దగ్గర మీటింగ్ ఉంటదా? తెచ్చిన శాలువా విప్పి, దండం పెట్టి, లాప్‌టాప్‌కు నిండుగ కప్పిన. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. నేను ఫొటోకు నవ్వుకుంట నిలబడ్డ. శాలువా లోపలి నుంచి "హలో? హలో?" అని వినబడతాంది.

స్రవంతి నాయిన లేచిండు. "అసలు ముచ్చట కాడికి రాంగనే మూసినవేంది తల్లీ" అనుకుంట శాలువా అంచు లేపి తల లోపల పెట్టిండు. "సార్, మోకాలు పోయినంక ఏమైంది?" ఇంగ్లీషులో చెప్పనీకె స్రవంతి కూడ దూరింది. బయట మాకు ఇద్దరి వీపులే. లోపల ముగ్గురి నవ్వులు.

చానసేపటికి ఆయన తల బయటికి తీసిండు, జుట్టంత చెదిరి. "ఆయన మోకాలు ఇప్పటికీ నొస్తదట. నాదీ నొస్తది, ఏ ఆటా ఆడకుండనే. ఆడనీ పిల్లను."

డెన్మార్క్‌కు పంపలేక, ఆ శాలువా స్రవంతి నాయినకే కప్పి పంపినం.

నిన్న స్రవంతిని ప్రాక్టీసుకు ఆయనే బండి మీద దించిండు. సంచిలకెళ్లి ఆ శాలువా తీసి, "ఇది నీకు కప్పాలె బిడ్డా" అని నా భుజాల మీద కప్పిండు. నా కండ్లల్ల నీళ్లు ఆగలే. సంతోషమే, కాదనను. కాకపోతే ఇన్ని రోజులు మిర్చి కొట్ల ఉన్న శాలువా అది. థాంక్స్ చెబుదామని నోరు తెరిస్తే, తుమ్ములే వచ్చినయ్.